పాత బండికి ముందు డిస్క్ మాస్టర్ సిలిండర్ ఎట్ల ఎంచుకోవాలి: కొలతల నుండి బిగించే దాకా

"అన్నా, నా ఆర్డీకి (యమహా ఆర్డీ 350) ఏ మాస్టర్ సిలిండర్ సెట్ అవుతది?" వారానికి ఒకరన్నా ఇదే అడుగుతున్నరు. కొందరైతే ఫొటో పంపి, "ఇది పెట్టొచ్చా, చూడ్డానికి మస్తుంది" అంటరు. మాస్టర్ సిలిండర్ అంటే హ్యాండిల్ మీద ఉండి, బ్రేక్ లీవర్ నొక్కితే ఆయిల్‌ని కిందికి తోసేది. కింద చక్రం దగ్గర ఆ ప్రెషర్‌తో ప్యాడ్లని డిస్కుకి అదిమేది కాలిపర్. ఫొటో చూసి చెప్పే విషయం కాదిది. నేను తిరిగి ఒకటే అడుగుతా: నీ కాలిపర్ పిస్టన్ ఎన్ని ఎంఎం? సగం మంది అక్కడ్నే ఆగిపోతరు. అందుకే మొత్తం వరుసగా రాస్తున్న, ఒకసారి చదివి వెర్నియర్ (మందం కొలిచే సాధనం) పట్టుకొని బండి దగ్గర కూర్చోండి.

ఇది ఎవరికంటే, డిస్క్‌తోనే పుట్టిన డెబ్బైల నాటి జపాన్ బండ్లు ఉన్నోళ్లకి, ఇంకా డ్రమ్ము పీకి డిస్క్ పెట్టించుకున్నోళ్లకి. మన రాజ్‌దూత్ 350, ఆర్ఎక్స్ 100, యెజ్డీ అన్నీ ముందు డ్రమ్ముతోనే వచ్చినయ్, ఇప్పుడు హైదరాబాద్‌లో తిరిగే వాటిల్లో చాలా వాటికి వేరే బండి ఫోర్కు, వేరే బండి చక్రం, వేరే బండి కాలిపర్ ఉంటయ్. అసలు గడబిడ అంతా అక్కడే, ఒక్కో ముక్క ఒక్కో బండిది కాబట్టి ఏ కంపెనీ బుక్కులోనూ మీ బండికి జవాబు ఉండదు. లెక్క మీరే వేసుకోవాలి.

1. ముందు ఒక్క మాట బుర్రకెక్కించుకోండి: పెద్ద బోర్ అంటే పెద్ద బ్రేక్ కాదు

మాస్టర్ సిలిండర్ లోపల పిస్టన్ ముందుకూ వెనక్కీ జరిగే రంధ్రం సైజునే బోర్ అంటం. 11, 12.7, 14, 15.875 ఎంఎం, ఇవి ఎక్కువగా కనిపించేవి. 12.7 అంటే అర అంగుళం, 15.875 అంటే అంగుళంలో 5/8 వంతు.

చాలామంది పెద్ద బోర్ పెడితే గట్టి బ్రేక్ వస్తదనుకుంటరు. ఉల్టా. మీ వేళ్ల బలం అంతే ఉన్నప్పుడు చిన్న బోర్‌లోనే ప్రెషర్ ఎక్కువ పుడుతది, కాకపోతే లీవర్ ఎక్కువ దూరం లోపలికి వస్తది. పెద్ద బోర్‌లో లీవర్ కొంచెమే కదుల్తది, గట్టిగ రాయిలాగ ఉంటది, "అబ్బ ఎంత టైట్‌గ ఉంది" అనిపిస్తది, బండి మాత్రం ఆగదు.

నాకే జరిగింది. నా రాజ్‌దూత్‌కి డిస్క్ కన్వర్షన్ చేసిన కొత్తలో చూడ్డానికి బాగుందని మందంగా ఉన్న ఒక మాస్టర్ సిలిండర్ తెచ్చి పెట్టిన, స్టాండ్ మీద లీవర్ నొక్కితే ఇనుప ముక్క నొక్కినట్టే ఉంది, మస్తు ఖుషీ అయిన. జూబ్లీ హిల్స్ చెక్‌పోస్ట్ నుండి కృష్ణానగర్ వైపు దిగుతుంటే ముందు సిటీ బస్సు ఆగింది, నాలుగు వేళ్లు వేసి పిసికితే గానీ బండి నెమ్మదించలే, ఆఖరికి బస్సు వెనక బంపర్‌కి జానెడు దూరంలో ఆగిన. మా మిస్త్రీ కాకా లీవర్ ఒక్కసారి నొక్కి చూసి, "ఇది బ్రేక్ కాదు బేటా, గోడ" అన్నడు. తర్వాత కొలిస్తే బోర్ 5/8 అంగుళం. నా కాలిపర్‌కి అది అస్సలు పనికిరాదు.

ఇది మన దగ్గరి కన్వర్షన్ల సమస్య ఒక్కటే కాదు. నార్టన్ కమాండో డిస్క్ బండ్లకి కంపెనీ నుండే 5/8 అంగుళం బోర్ వచ్చింది, బ్రేక్ కట్టెలాగ ఉంటదని దానికి పేరు, అందుకే ఆ బండి ఉన్నోళ్లు లోపల స్లీవ్ (సన్న గొట్టం) వేయించి 13 ఎంఎంకి తగ్గించుకుంటరు. కాలిపర్ ముట్టుకోకుండా, ప్యాడ్ మార్చకుండా, ఆ ఒక్క మార్పుతో అదే వేళ్ల బలానికి ప్రెషర్ దాదాపు ఒకటిన్నర రెట్లు అవుతది.

2. కొలతలు తీసే పని

కావాల్సినవి: వెర్నియర్ (డిజిటల్‌ది చాలు), టార్చి, పాత గుడ్డలు, ఒక నోట్ బుక్కు. థ్రెడ్ పిచ్ (బోల్ట్ మీద చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) కొలిచే గేజ్ ఉంటే ఇంకా మంచిది, లేకున్నా పని నడుస్తది.

ముందు కాలిపర్ ఊడదీసి ప్యాడ్లు బయటికి తీయండి. ప్యాడ్లు బయట ఉన్నప్పుడు లీవర్ ముట్టుకోవద్దు, ఇంట్లో పిల్లలుంటే వాళ్లని కూడా దూరం పెట్టండి, ఒక్కసారి పిసికితే పిస్టన్ బయటికి దూకుతది, ఆయిల్ అంతా నేల పాలు, మీ ఆదివారం కూడా. పిస్టన్ గుండ్రని అంచు మీద వెర్నియర్ పెట్టి అడ్డంగా రెండు మూడు చోట్ల కొలవండి, రాసుకోండి.

తర్వాత కాలిపర్ ఏ రకమో చూడండి. పిస్టన్లు అన్నీ ఒకే పక్కన ఉండి, కాలిపర్ బాడీ పిన్నుల మీద జరుగుతుంటే అది ఫ్లోటింగ్ రకం, మన ఇండియన్ బండ్లవి దాదాపు అన్నీ ఇవే. డిస్కుకి రెండు పక్కలా పిస్టన్లు ఎదురెదురుగా ఉంటే ఇంకో రకం, పాత ఇంగ్లీషు బండ్లు, కొన్ని పాత యమహాలకి ఉంటయ్. ఎదురెదురు రకంలో ఒక పక్క పిస్టన్లే లెక్కలోకి తీసుకోండి. ఇక్కడ చాలామంది తప్పుచేసి రెండింతల లెక్కతో బజారుకి పోతరు.

ఇప్పుడున్న మాస్టర్ సిలిండర్ బోర్ కూడా చూసుకోండి. బాడీ కింద గానీ, హ్యాండిల్ వైపు గానీ పోతలోనే నంబర్ ఉంటది: 11, 14, 1/2, 5/8 ఇట్ల. మట్టి, జిడ్డు పట్టి కనిపించదు, టూత్ బ్రష్షుతో రుద్దితే బయటపడుతది.

నోట్ బుక్కులో ఇవన్నీ రాసినంక గానీ బజారుకి పోవద్దు:

- కాలిపర్ పిస్టన్ సైజు, ఎన్ని ఉన్నయ్
- ఫ్లోటింగా, ఎదురెదురా
- డిస్కులు ఒకటా రెండా
- పాత మాస్టర్ బోర్
- హ్యాండిల్ పైపు మందం, మాస్టర్ బిగించే చోట
- హోస్ పైపు పొడవు, దాన్ని మాస్టర్‌కి బిగించే బ్యాంజో బోల్ట్ థ్రెడ్
- బ్రేక్ లైట్ స్విచ్ ఏ రకం
- హ్యాండిల్ ఫుల్‌గా రెండు పక్కలా తిప్పినప్పుడు ట్యాంకుకి, మీటర్లకి ఎంత గ్యాప్ ఉంది

3. లెక్క, ఇది ఐదో క్లాసు పిల్లలు కూడా వేస్తరు

కాలిపర్ పిస్టన్ సైజుని దాంతోనే గుణించండి. ఎన్ని పిస్టన్లుంటే (ఒక పక్కవి) అన్నిటినీ కలపండి. రెండు డిస్కులుంటే దాన్ని రెండింతలు చేయండి. ఇప్పుడు మాస్టర్ బోర్‌ని దాంతోనే గుణించి, ముందు వచ్చిన దాన్ని దీంతో భాగించండి. వచ్చేదే నిష్పత్తి. వృత్తం వైశాల్యం, పై (π) అదంతా అక్కర్లేదు, రెండు పక్కలా ఉండి కొట్టుకుపోతది.

నా బండి మీదనే చూపిస్త. కాలిపర్ ఫ్లోటింగ్, 27 ఎంఎం పిస్టన్లు రెండు, ఒకటే డిస్కు. 27 × 27 = 729, రెండు కాబట్టి 1458.

- 11 ఎంఎం బోర్: 1458 ÷ 121 = 12
- 12.7 ఎంఎం బోర్: 1458 ÷ 161.3 = 9
- 14 ఎంఎం బోర్: 1458 ÷ 196 = 7.4
- 15.875 ఎంఎం బోర్: 1458 ÷ 252 = 5.8

మా కాకా గోడ అన్న బ్రేకు ఆ చివరిది. ఇప్పుడు 11 పెట్టుకొని తిరుగుతున్న, రెండు వేళ్లు చాలు.

ఏ నంబర్ మంచిది? ఒక పక్క పిస్టన్ల లెక్కతో చూస్తే 9 నుండి 13 మధ్యలో నా చేతికి బాగుంటది. 8 కంటే కిందికి పోతే కట్టెలాగ అవుతది. 15 దాటితే బ్రేక్ మెత్తగ, లీవర్ హ్యాండిల్ గ్రిప్పు దాకా వచ్చేస్తది, కొంచెం గాలి ఉన్నా, డిస్కు కొంచెం వంకర ఉన్నా లీవర్ దూరం సరిపోక భయం పుడుతది. నంబర్ రెండు సైజుల మధ్య ఇరుక్కుంటే నేనైతే చిన్న బోర్ వైపే పోతా, ఎందుకంటే పాత బండ్ల డిస్కులు చిన్నవి, మనకి ప్రెషరే కావాలి. కానీ మీ వేళ్లు పొట్టివై, లీవర్ దగ్గరికొస్తే ఇబ్బంది అనిపిస్తే ఒక మెట్టు పెద్దది తీసుకోండి, తప్పేం లేదు.

సైజు మారితే ఎంత తేడా వస్తదో కూడా చూడండి: 14 నుండి 11కి దిగితే అదే వేళ్ల బలానికి ప్రెషర్ 62 శాతం పెరుగుతది, లీవర్ కూడా అంతే ఎక్కువ దూరం రావాలి. 12.7 నుండి 11కి అయితే 33 శాతం. ఏదీ ఫ్రీగ రాదు.

ఇంకోటి, లీవర్ కూడా లెక్కలో ఉంటది. లీవర్ తిరిగే పివట్ బోల్ట్ నుండి పిస్టన్‌ని నెట్టే చోటు దాకా దూరం తక్కువ ఉంటే బలం ఎక్కువ. అందుకే ఒకే బోర్ ఉన్న రెండు మాస్టర్లు చేతికి వేర్వేరుగా అనిపిస్తయ్. రేసు బండ్ల స్టైల్లో పిస్టన్ హ్యాండిల్‌కి అడ్డంగ ఉండే రేడియల్ రకాలు ఆన్‌లైన్‌లో రంగురంగులుగ దొరుకుతున్నయ్, వాటిల్లో 19 ఎంఎం రకాలు రెండు డిస్కుల పెద్ద బండ్ల కోసం. ఒక డిస్కు పాత బండికి పెట్టి నన్ను తిట్టొద్దు.

4. బోర్ ఒక్కటే సరిపోదు, ఇవి కూడా కలవాలి

హ్యాండిల్ మందం. మన బండ్లవి మామూలుగా 22.2 ఎంఎం, కొన్ని పెద్ద క్రూజర్లవి 25.4. క్లాంపు పెద్దదైతే లోపల రబ్బరు ముక్క, డబ్బా రేకు ముక్క చుట్టి బిగించేటోళ్లని చూసిన. వద్దు. బ్రేక్ పిసికిన ప్రతిసారీ మొత్తం అసెంబ్లీ కొంచెం తిరుగుతది.

ఆయిల్ డబ్బా వాలు. ఇది ఎవరూ చూడరు. మాస్టర్ మీద అతికి ఉండే డబ్బా ఏదో ఒక హ్యాండిల్ వంపుకి చేసి ఉంటది. ఎత్తు హ్యాండిల్‌కి చేసినది తెచ్చి కిందికి ఉండే క్లిప్ ఆన్ హ్యాండిల్ మీద పెడితే డబ్బా పక్కకి వాలి, ఆయిల్ తగ్గినప్పుడు లోపలి రంధ్రం గాలి పీలుస్తది. బండిని కేఫ్ రేసర్ (పాత రేసు బండి స్టైల్) చేయించుకున్నోళ్లకి విడి డబ్బా, సన్న పైపు ఉండే రకం మేలు. విడి డబ్బా తీసుకుంటే దాన్ని మాస్టర్ కంటే ఎత్తులో బిగించాలి, పైపు మధ్యలో మడత పడొద్దు.

బ్యాంజో బోల్ట్. ఇక్కడ జర జాగ్రత్త. జపాన్ బండ్లవి ఎక్కువ 10 ఎంఎం, 1.25 పిచ్. ఇటలీ బ్రెంబో కంపెనీ రకాల్లో చాలా వాటికి 10 ఎంఎం, 1.0 పిచ్. పాత ఇంగ్లీషు, అమెరికన్ బండ్లకి 3/8 అంగుళం, అంగుళానికి 24 థ్రెడ్లు. ఆ 3/8 మందం 9.5 ఎంఎం చిల్లర, పిచ్ 1.06, కంటికి 10 బై 1.0 లాగనే కనిపిస్తది, రెండు మూడు చుట్లు ఎక్కుతది కూడా, తర్వాత అల్యూమినియం బాడీ థ్రెడ్ తినేస్తది. బోల్ట్ వేళ్లతో చివరి దాకా ఎక్కాలి. స్పానర్ పెడితేనే ఎక్కుతుందంటే అది ఆ బోల్ట్ కాదు.

అద్దం రంధ్రం. యమహా బండ్ల కుడి పక్క అద్దానికి ఉల్టా థ్రెడ్ ఉంటది. యమహా మాస్టర్ తెచ్చి వేరే బండికి పెడితే మీ పాత అద్దం ఎక్కదు. నేను ఇది తెలియక ఒక సాయంత్రమంతా తిప్పి తిప్పి అద్దం రాడ్డు థ్రెడ్ ఖరాబు చేసుకున్న. దీనికి అడాప్టర్ బోల్ట్ దొరుకుతది, దాన్ని అడిగి తెచ్చుకోండి.

బ్రేక్ లైట్ స్విచ్. లీవర్ కింద చిన్న మైక్రో స్విచ్ ఉందా చూడండి. లేకుంటే బ్యాంజో బోల్ట్‌లోనే ప్రెషర్ స్విచ్ వచ్చే రకం తీసుకోండి, దాని థ్రెడ్ కూడా మాస్టర్‌కి కలవాలి. ఏదీ లేకుండా మాత్రం తిరగొద్దు, వెనక వచ్చే ఆటో డ్రైవరుకి మీ మనసులో మాట తెలియదు.

ఇంక యాక్సిలరేటర్ కేబుల్ ఇల్లు, స్విచ్ డబ్బా, మాస్టర్ క్లాంపు, మూడూ గ్రిప్పు పక్కన పట్టాలి, హ్యాండిల్ తిప్పితే డబ్బా ట్యాంకుకి తగలొద్దు, అంతే.

5. పాతదే బాగు చేయించాలా, కొత్తది కొనాలా

ఒరిజినల్ బండి, ఒరిజినల్ మాస్టర్ అయితే మొదట విప్పి చూడండి. డస్ట్ రబ్బరు తీసి, లోపలి సర్క్లిప్ (పిస్టన్‌ని ఆపే రింగు) తీస్తే పిస్టన్, స్ప్రింగ్, కప్పు రబ్బర్లు బయటికొస్తయ్. సర్క్లిప్ కోసం పొడవు ముక్కు ఉన్న ప్లయర్ కావాలి, స్క్రూడ్రైవర్‌తో పీకితే బోర్ గోడకి గీత పడుతది.

బోర్ లోపల టార్చి వేసి చూడండి, గోరుతో గానీ అగ్గిపుల్లతో గానీ రాసి చూడండి. నున్నగ ఉంటే కొత్త కిట్ (పిస్టన్, స్ప్రింగ్, రబ్బర్ల సెట్టు) వేస్తే సరిపోతది. గుంతలు తగిలితే, తెల్ల పొడి పేరుకున్న చోట గరుకుగ ఉంటే కొత్త రబ్బరు వేసినా నెల రోజుల్లో కారుతది. ఎమరీ పేపర్ పెట్టి రుద్దడం మన దగ్గర అందరూ చేసే పని, దాంతో లోపలి గట్టి పొర పోయి ఇంకా తొందరగ ఖరాబు అవుతది.

స్లీవ్ వేయించే దారి ఉంది. బాలానగర్ లేత్ వర్క్‌షాపుల్లో చేతి పనితనం ఉన్నోళ్లకి కొదవ లేదు. కానీ స్లీవ్ వేసినంక డబ్బా లోంచి వచ్చే రెండు రంధ్రాలు మళ్లీ అదే చోట వెయ్యాలి, అందులో ఒకటి సూది మొన అంత ఉంటది, దాని అంచు లోపలి వైపు నున్నగ లేకుంటే రబ్బరు కప్పుని కోసేస్తది. అంతకుముందు బ్రేక్ సిలిండర్ చేసిన అనుభవం ఉన్నోడైతేనే ఇవ్వండి. దొరకని అరుదైన బండికి తప్ప నేనైతే స్లీవ్ జోలికి పోను.

రబ్బర్లకి పెట్రోల్, డీజిల్, ఇంజన్ ఆయిల్, మామూలు గ్రీజు ఏదీ తగలొద్దు, ఉబ్బిపోతయ్. బ్రేక్ ఆయిల్‌తోనే కడగాలి, దాన్నే రాసి ఎక్కించాలి.

6. బజారులో

కొత్తవి, కంపెనీవి కావాలంటే రాణీగంజ్. మాడిఫికేషన్ సామాను అయితే పుత్లీబౌలి. ఎర్రగడ్డ ఆదివారం సంతలో కూడా పాత మాస్టర్లు కనిపిస్తయ్, ముచ్చటకి చూడండి, బాడీ కోసం కొనండి, కానీ లోపలి కిట్ మార్చకుండా బండికి ఎక్కించొద్దు.

నా సలహా ఏంటంటే ఇప్పటికీ తయారవుతున్న, రోడ్డు మీద లక్షల్లో తిరుగుతున్న ఏదైనా ఇండియన్ బండి మాస్టర్, మీ లెక్కకి సరిపోయే బోర్‌ది తీసుకోండి. కిట్ దొరుకుతది, లీవర్ దొరుకుతది, బండి కిందపడి లీవర్ విరిగినా ఏ ఊర్లోనైనా మారుస్తరు. రంగురంగుల ఆన్‌లైన్ సామాను లీవర్ విరిగితే పారేసుడే. పాత బండికి కొత్త సామాను కనిపిస్తే షోకు పోతదంటరు కొందరు. నల్ల రంగు వేస్తే ఎవడికీ తెలియదు.

కౌంటర్ దగ్గర చూడాల్సినవి:

- బోర్ నంబర్ బాడీ మీద ఉందా. లేకుంటే వెర్నియర్ తీసి కొలవండి, షాపాయన నవ్వితే నవ్వనియ్యండి
- మూత తీసి లోపల రెండు రంధ్రాలూ ఉన్నయా, చిన్నది తెరిచి ఉందా
- లీవర్ నొక్కి వదిలితే పిస్టన్ ఠక్కున పూర్తిగ వెనక్కి వస్తుందా
- లీవర్ పైకి కిందికి ఊగుతుందా
- మీ బ్యాంజో బోల్ట్ జేబులో తెచ్చుకున్నరా, వేళ్లతో ఎక్కిందా
- కిట్ విడిగా దొరుకుతదా, అక్కడే అడగండి

లూజు ప్యాకింగ్‌లో, ఒరిజినల్ పేరుతో డూప్లికేట్లు కూడా తిరుగుతయ్. పోత గరుకుగ ఉండి, అక్షరాలు మసకగ ఉంటే పక్కన పెట్టండి.

7. బిగించే వరుస

ఒకటి. ట్యాంకు మీద, మడ్‌గార్డు మీద తడి టవల్ కప్పండి. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క పడ్డా పెయింట్ లేస్తది. పడితే తుడవకండి, వెంటనే నీళ్లు పోయండి.

రెండు. పాత ఆయిల్‌ని సిరంజితో డబ్బాలోంచి లాగేసి, అప్పుడు హోస్ విప్పండి.

మూడు. హోస్ పైపు చూసుకోండి. ఇరవై ముప్పై ఏళ్ల నాటి రబ్బరు పైపు ఉంటే కొత్త మాస్టర్ పెట్టి లాభం లేదు, ప్రెషర్‌కి పైపే ఉబ్బుతది. స్టీల్ అల్లిక ఉన్న పైపు వేయించండి. ఫోర్కు పూర్తిగ సాగినప్పుడు, హ్యాండిల్ ఇటు చివర నుండి అటు చివరకి తిప్పినప్పుడు పైపు లాగొద్దు.

నాలుగు. క్లాంపు పెట్టండి. దాని మీద బాణం గుర్తు గానీ, అప్ అని గానీ ఉంటే అది పైకి రావాలి. పై బోల్ట్ పూర్తిగ బిగించి, తర్వాత కింది బోల్ట్. గ్యాప్ అంతా కింద మిగులుతది, అది అట్లనే ఉండాలి, రెండు పక్కలా సమానంగ చేద్దామని చూస్తే క్లాంపు చెవి విరుగుతది.

ఐదు. సీటు మీద కూర్చొని, చెయ్యి చాపి వేళ్లు పెట్టి లీవర్ కోణం సరిచేయండి. మణికట్టు వంగొద్దు. డబ్బా కూడా, హ్యాండిల్ నేరుగ ఉన్నప్పుడు, దాదాపు మట్టంగ ఉండాలి.

ఆరు. బ్యాంజోకి రెండు పక్కలా కొత్త రాగి వాషర్లు. పాతవి మళ్లీ వాడొద్దు, రూపాయల మీద కక్కుర్తి పడి రాత్రంతా కారే ఆయిల్ చూసుకుంట కూర్చోవాల్సి వస్తది.

ఏడు. లీవర్ ఫ్రీ ప్లే. లీవర్ కొసన ఒకటి రెండు ఎంఎం ఆట ఉండాలి. లీవర్ వదిలి ఉన్నప్పుడు కూడా పిస్టన్‌ని కొంచెం నెడుతుంటే లోపలి చిన్న రంధ్రం మూసుకుపోతది. దాని కథ కింద చెప్తా.

8. ఆయిల్ పోసుడు, గాలి తీసుడు

డాట్ 4 తీసుకోండి, సీలున్న చిన్న సీసా. ఆరు నెలల కింద మూత తీసి షెడ్డులో పెట్టిన సీసా వద్దు, ఈ ఆయిల్ గాలిలో తేమ తాగుతది, మన వానాకాలంలో అయితే ఇంకా. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ తాగినంక ఆ హద్దు 155కి పడిపోతది. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 ఒకే జాతివి. డాట్ 5 సిలికాన్‌ది, నంబర్ చూసి 5.1 అనుకొని పోసి కలపొద్దు.

కొత్త ఖాళీ మాస్టర్, ఖాళీ పైపు ఉన్నప్పుడు పై నుండి పంపు కొట్టి గాలి తీసుడు పెద్ద పరేషాన్. గాలి పైకి పోదామని చూస్తది, మనం కిందికి తోస్తుంటం. మెడికల్ షాపులో 50 ఎంఎల్ సిరంజి, సన్న పారదర్శక పైపు కొనండి. సిరంజిలో ఆయిల్ నింపి, దాంట్లో గాలి బుడగ లేకుండా చూసి, కాలిపర్ నిప్పల్‌కి (గాలి తీసే చిన్న మూతి) తగిలించి, నిప్పల్ తెరిచి మెల్లగ పైకి ఎక్కించండి. డబ్బాలో ఆయిల్ పైకి వస్తుంటే బుడగలు కూడా వస్తయ్. డబ్బా పొంగకుండా ఇంకొకరు చూడాలి.

తర్వాత మామూలు పద్ధతి: లీవర్ నొక్కి పట్టు, నిప్పల్ తెరువు, మూయి, లీవర్ వదులు. ఈ వరుస తప్పితే గాలి మళ్లీ లోపలికే. డబ్బా ఎప్పుడూ సగం కంటే కిందికి దిగనియ్యొద్దు.

ఇంత చేసినా లీవర్ మెత్తగనే ఉంటే గాలి బ్యాంజో దగ్గర దాక్కుంది. క్లాంపు కొంచెం లూజు చేసి, బ్యాంజో వైపు కిందికి, డబ్బా వైపు పైకి ఉండేటట్టు మాస్టర్‌ని వాల్చండి, లీవర్‌ని వేలితో చిన్నగ, టకటక కదపండి, నొక్కొద్దు, ఊరికే కదపండి. చిన్న రంధ్రంలోంచి సన్న బుడగలు వస్తయ్. ఆఖరి ఉపాయం, లీవర్‌ని పాత ట్యూబు ముక్కతో గ్రిప్పుకి కట్టేసి రాత్రంతా వదిలేయండి. పొద్దున విప్పి చూస్తే చాలాసార్లు లీవర్ గట్టిపడి ఉంటది.

9. తేడా వస్తే ఎక్కడ చూడాలి

బ్రేక్ పట్టి వదలట్లేదు. నాకు గండిపేట నుండి వస్తుంటే అయింది, బండి లాగట్లేదు, పెట్రోల్ అయిపోతుందేమో అనుకున్న, ఆగి చూస్తే డిస్కు నుండి వేడి మోకాలికి తగులుతుంది, చక్రం చేత్తో తిరగట్లే. కారణం డబ్బా అడుగున ఉన్న ఆ చిన్న రంధ్రం. ఆయిల్ వేడెక్కి సాగితే ఎక్కువైంది డబ్బాలోకి తిరిగి రావాల్సింది దాంట్లోంచే. అది మూసుకుంటే ప్రెషర్ అక్కడే ఉండిపోయి ప్యాడ్లు పట్టేస్తయ్, దాంతో ఇంకా వేడి, ఇంకా ప్రెషర్.

ఎక్కడ తప్పుందో తెలుసుకునేందుకు ఈ వరుస పాటించండి, అంతా చల్లారినంక:

- మాస్టర్ దగ్గర బ్యాంజో బోల్ట్ కొంచెం లూజు చేయండి. చక్రం వదిలితే తప్పు మాస్టర్‌ది: చిన్న రంధ్రం, లేదా ఫ్రీ ప్లే లేదు.
- వదలకుంటే బ్యాంజో బిగించి, కింద నిప్పల్ తెరవండి. ఇప్పుడు వదిలితే హోస్ పైపు లోపల వాచింది, మార్చండి.
- అప్పటికీ వదలకుంటే కాలిపర్ పిస్టన్ గానీ, జరిగే పిన్నులు గానీ తుప్పు పట్టి ఇరుక్కున్నయ్.

చిన్న రంధ్రం క్లీన్ చేసేందుకు గిటార్‌లో అన్నిటికంటే సన్న తీగ ముక్క సరిగ్గ సరిపోతది. డ్రిల్లు, సూది వద్దు, రంధ్రం పెద్దదైతే మాస్టర్ పోయినట్టే. మూత తీసి లీవర్ మెల్లగ కదిపితే సన్న ధార పైకి లేస్తే రంధ్రం తెరిచి ఉన్నట్టు. మొహం దూరం పెట్టండి, కళ్లద్దాలు పెట్టుకుంటే ఇంకా మంచిది.

లీవర్ నొక్కి పట్టుకుంటే మెల్లగ గ్రిప్పు దాకా దిగిపోతుంది, బయట ఎక్కడా కారట్లేదు: లోపలి కప్పు రబ్బరు దాటి ఆయిల్ వెనక్కి పోతుంది. కిట్ మార్చాలి.

లీవర్ పివట్ కింద తడి: వెనక రబ్బరు పోయింది. ఇది కూడా కిట్.

మొదటిసారి నొక్కితే లీవర్ లోపలికి పోతది, రెండోసారికి గట్టిగ ఉంటది: డిస్కు వంకరగ ఉండి ప్యాడ్లని వెనక్కి తోస్తుంది, లేదంటే చక్రం బేరింగ్ ఆడుతుంది. మాస్టర్‌ని తిట్టకండి.

గట్టిగ ఉంది, ఆగట్లేదు: మూడో నంబర్ లెక్క మళ్లీ వేయండి. లెక్క సరిగ్గ ఉంటే ప్యాడ్లకి ఆయిల్ అంటింది, కొత్తవి వేయండి, కడిగి ఎండబెట్టినా పాత ప్యాడ్లు మళ్లీ ముందులాగ కావు.

10. మొదటి రైడు

స్టాండ్ మీద లీవర్‌ని మీకున్న బలమంతా పెట్టి నిమిషం పాటు పట్టుకోండి, దిగిపోవద్దు, ఎక్కడా తడి రావద్దు. చక్రం తిప్పి, బ్రేక్ కొట్టి, వదిలి, మళ్లీ తిప్పి చూడండి. బ్రేక్ లైట్ వెలుగుతుందా చూడండి.

తర్వాత కాలనీ గల్లీలో నడిచే స్పీడుతో పది సార్లు ఆపండి. వెనక బ్రేక్ మీద కాలు ఉంచుకొని. అది బాగుంటే ఆదివారం పొద్దున ఆరింటికి నెక్లెస్ రోడ్డు, ఖాళీగా ఉంటది, 40 నుండి మెల్లగ ఆపుకుంట ప్యాడ్లు కుదురుకోనియ్యండి. కొత్త బోర్‌కి చెయ్యి అలవాటు పడేందుకు రెండు మూడు రోజులు పడుతది, ముఖ్యంగ గోడలాంటి బ్రేక్ నుండి రెండు వేళ్ల బ్రేక్‌కి మారినోళ్లు పాత అలవాటుగ నాలుగు వేళ్లు వేసి పిసికితే ముందు చక్రం లాక్ అవుతది. ఇసుక ఉన్న మలుపుల్లో ఆ ప్రయోగం వద్దు.

ఇంటికొచ్చినంక బ్యాంజో రెండు చివర్లకీ టిష్యూ పేపర్ ముక్క చుట్టి, రబ్బరు బ్యాండ్ వేసి వదిలేయండి. పొద్దున పేపర్ పొడిగ ఉంటే బండి ఆఫీసుకి తీసుకుపోవచ్చు. తడి ఉంటే ఆటో పిలవండి, సాయంత్రం వచ్చేటప్పుడు రాగి వాషర్లు తెచ్చుకోండి.